స్టేజి వైరు రంగు: కాలి కింద ఏముందో చూసి

త్రీ కోర్ (లోపల మూడు తీగలుండే) రౌండ్ కేబుల్ కావాలని విశాఖ డాబాగార్డెన్స్‌లో అడిగితే మామూలుగా చేతికొచ్చేది నల్లది. ఏ రంగని వాళ్లూ అడగరు, మనమూ చెప్పం. ఆ నల్ల కేబులే స్టేజి మీద మానిటర్లకు (గాయకుల వైపు తిప్పి పెట్టే స్పీకర్లకు) వెళ్తుంది, కుర్చీల మధ్యలోంచి సౌండ్ మిక్సర్ దాకా వెళ్తుంది, జనరేటర్ దగ్గర చీకట్లో గడ్డిలోనూ పడి ఉంటుంది. మూడు చోట్లా ఒకే రంగు కావడంతోనే గొడవంతా. స్టేజి మీద వైరు కనబడితే ఫొటో పాడవుతుంది. స్టేజి కింద కనబడకపోతే మనిషి బోర్లా పడతాడు, అతనితోపాటు మిక్సర్ కరెంటూ పోతుంది.

తొడుగు రంగును బట్టి వైరు సత్తా మాత్రం తెలియదు. ఆరెంజ్ అంటే హెవీ డ్యూటీ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. తొడుగు మీద అచ్చేసిన అక్షరాలు చదవాలి: ఐఎస్ 694 (పీవీసీ వైర్ల భారతీయ ప్రమాణం) ఉందా, కోర్లు ఎన్ని, స్క్వేర్ ఎంఎం (తీగ మందం) ఎంత. స్టేజి పనికి 1.5 కంటే సన్నది వద్దు. 16 ఆంప్స్ టాప్ (మూడు పిన్నుల ప్లగ్గు) పెట్టే వైరు ఏదైనా 2.5 ఉండాల్సిందే. 30 మీటర్ల దూరానికి 10 ఆంప్స్ లాగితే 1.5 రాగి వైరులో దాదాపు 8 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5 అయితే 5 లోపే. ఇది తేలాకే రంగు సంగతి.

స్టేజి మీదకు నలుపే. అయితే నలుపుల్లోనూ రెండు రకాలున్నాయి. కొత్త పీవీసీ కేబుల్ నిగనిగలాడుతుంది. పక్క వింగ్‌లోంచి లైటు పడితే దాని వీపు మీద సన్నటి వెండి గీత పరుగెడుతుంది. జిమ్మీ జిబ్ (క్రేన్) కెమెరా పైనుంచి దిగేటప్పుడు మొదట దొరికేది ఆ గీతే. రబ్బరు తొడుగు కేబుల్‌కి ఆ మెరుపు ఉండదు, పైగా మెత్తగా నేలకు ఆనుకుని పడుకుంటుంది. ఖరీదు ఎక్కువ కాబట్టి అన్నీ అవే కొనక్కర్లేదు. స్టేజి ముందంచున గాయకుల మానిటర్లకూ, కింద పెట్టే లైట్లకూ వెళ్లే నాలుగైదు వైర్లు రబ్బరువి తీసుకుని, వెనక తెర పక్కన పీవీసీతో సరిపెట్టుకోవచ్చు. అతికించడానికి మెరుపు లేని నల్ల గాఫర్ (గుడ్డ) టేపు వాడాలి. గోధుమరంగు ప్యాకింగ్ టేపు చవక, కానీ దాని జిగురు తొడుగు మీదే ఉండిపోతుంది. నాలుగు ప్రోగ్రాములు తిరిగేసరికి వైరు ఇసుకా జుట్టూ చెమ్కీ పట్టిన తాడులా తయారవుతుంది.

కళాభారతిలోనో గురజాడ కళాక్షేత్రంలోనో అయితే వింగ్స్ ఉంటాయి, వైర్లను పక్కలకు తప్పించుకోవచ్చు. మైదానంలో వేసే స్టేజికి ఆ వెసులుబాటు ఉండదు. షామియానా వాళ్లు పరిచేది ఎర్ర కార్పెటో ఆకుపచ్చ మ్యాటో అయితే దాని మీద నల్ల వైరు పాములా కనబడుతుంది. అందుకని చాలామంది కార్పెట్ కిందికి దోపేస్తారు. ఆ పని వద్దు. కార్పెట్ బిగించే కుర్రాడికి కింద ఏముందో తెలియదు, వరసగా మేకులు కొట్టుకుంటూ పోతాడు. మేకు ఫేజ్‌నీ ఎర్త్‌నీ కలిపి గుచ్చుకుంటే బ్రేకర్ పడిపోతుంది, అది అదృష్టం. ఫేజ్ ఒక్కదాన్నే తాకి ఆగితే ఏదీ పడదు, మేకు తల కరెంటుతో అలాగే ఉంటుంది. చెప్పులున్నవాళ్లకు తెలియకపోవచ్చు. తర్వాత అంశం కూచిపూడి అయితే వచ్చేది గజ్జెలు కట్టుకున్న ఒట్టి కాళ్లు. అందుకే వైర్లన్నీ స్టేజి వెనక అంచునా పక్క అంచులనా తిప్పి, దాటక తప్పని చోట ఒక్కసారి అడ్డంగా దాటించాలి. అక్కడ వైరు మీద కార్పెట్ రంగు గుడ్డ టేపు నిలువునా వేస్తే సరి, ఎర్ర వైరు కోసం ఊరంతా తిరగక్కర్లేదు. స్టేజికి వెళ్లే ప్రతి లైనుకూ కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ మాత్రం ఉండి తీరాలి, రంగు ఏదైనా.

తెల్ల వైరు పనికొచ్చేది పెళ్లి మండపానికి. వెనక తెల్ల గుడ్డ, పూలు ఉన్నచోట నల్లదే ఎబ్బెట్టుగా ఉంటుంది. కాకపోతే తెల్లవాటిలో రెండు కోర్ల చదును వైర్లు ఎక్కువ తిరుగుతుంటాయి. ఎర్త్ లేని వైరును స్టేజి దగ్గరికి రానివ్వకండి.

స్టేజి దిగాక జనం నడిచే దారిలో పసుపు గానీ ఆరెంజ్ గానీ. చుట్ట ముందుగా చెప్పి తెప్పించుకోవాల్సి రావచ్చు. పగలు ఈ రెండింటికీ పెద్ద తేడా ఉండదు, రాత్రి లైట్లు పడ్డాకే చిక్కు. స్టేజికి రంగులు వేసే ఎల్ఈడీ పార్‌లు నీలం ఒక్కటే వేస్తే పసుపు మాడిపోయినట్టు ఉంటుంది, ఎరుపు నల్లగా అయిపోతుంది. ఎర్ర లైటు కింద తెల్ల టేపూ ఎర్ర టేపూ ఒకేలా కనబడతాయి. కాబట్టి దారి దాటే చోట రంగును ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. వైరును లోపల దాచే, పసుపు మూత ఉన్న రబ్బరు ర్యాంపు వేసి, దాని పక్కన రంగు మారని చిన్న తెల్ల లైటు ఒకటి కింద పెట్టాలి. ర్యాంపు దొరక్కపోతే మట్టిలో రెండంగుళాల గాడి తీసి పీవీసీ పైపులోంచి లాగడం మేలు.

ఆర్కే బీచ్ వేరే లోకం. మధ్యాహ్నం ఎండలో ఇసుక మీద నల్ల వైరు చెయ్యి పెట్టలేనంత కాగుతుంది. మామూలు పీవీసీ ఇన్సులేషన్ 70 డిగ్రీల దాకా అని లెక్క. ఎండే సగం దూరం లాక్కెళ్తే మన లోడుకు మిగిలేది తక్కువ. లేత రంగు తొడుగు అంత కాగదు. అయితే నల్ల తొడుగులోని కార్బన్ బ్లాక్ ఎండను తట్టుకుంటుంది, లేత రంగువి ఏళ్ల తరబడి ఎండలో ఉంటే పెళుసెక్కి పగుళ్లు తీస్తాయి. ఒక్క సాయంత్రం ప్రోగ్రాముకు పసుపు, నెలల తరబడి బయటే ఉండే లైనుకు నలుపు అని తేల్చుకుంటే చాలు. పైగా ఇసుకలో జనం నడిస్తే పది నిమిషాల్లో వైరు పూడిపోతుంది. పసుపుదైతే ఒక్క కొస బయటున్నా కంటికి దొరుకుతుంది. బోర్డులు ఇసుక మీద పెట్టకుండా ప్లాస్టిక్ క్రేట్ల మీద ఎత్తి పెట్టాలి. ఇక వైరు ఎక్కడ వేసినా మిగిలిన భాగాన్ని చుట్టలా వదిలేసి లోడు లాగితే లోపలి పొరలు వేడెక్కి మెత్తబడతాయి. మిగిలితే విడదీసి వదులుగా పరవాలి.

ఇక తొడుగు లోపల ఉండే రంగులు. ఇవి మనిషి ప్రాణానికి సంబంధించినవి, ఇక్కడ మన ఇష్టం చెల్లదు. పాత వైర్లలో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. కొత్త ఫ్లెక్సిబుల్ వైర్లలో గోధుమరంగు ఫేజ్, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్నది ఎర్త్. త్రీ ఫేజ్ బోర్డుల మీద పనిచేసినవాడికి ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే. అతను ఎక్స్‌టెన్షన్‌కి టాప్ బిగిస్తూ నీలం చూస్తే చెయ్యి అలవాటుగా దాన్ని ఫేజ్ పిన్ను వైపు తీసుకెళ్తుంది. లైటు వెలుగుతుంది కాబట్టి తప్పు ఎవరికీ తెలియదు. బోర్డు మీది స్విచ్ ఆపితే ఆగేది న్యూట్రల్. ఫేజ్ లైటు లోపలే ఉంటుంది, బల్బు మార్చబోయినవాడికి తగులుతుంది. ఆకుపచ్చ ఫేజ్ పిన్నుకు పడితే లైటు బాడీ మొత్తం 230 వోల్టులు.

సాకెట్‌కి ఎదురుగా నిలబడి చూస్తే పైన ఎర్త్, కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్. టాప్ విప్పితే లోపల ఎల్ (ఫేజ్), ఎన్ (న్యూట్రల్), ఇ (ఎర్త్) అనే అక్షరాలుంటాయి, రంగు కంటే ముందు అవి చూడాలి. ఎర్త్ కోర్ మిగతా రెండింటికంటే ఒక అంగుళం పొడుగ్గా వదలాలి. ఎవరైనా వైరు లాగేసినా అన్నిటికంటే చివర ఊడేది అదే అవుతుంది. బిగించిన ప్రతి వైరునూ మల్టీమీటర్ కంటిన్యూటీలో (తీగ తెగిందో లేదో చెప్పే సెట్టింగు) పెట్టి, రెండు కొసల మధ్య మూడు కోర్లూ చూసిగానీ వ్యాన్ ఎక్కించకూడదు. పెద్ద ఇండస్ట్రియల్ ప్లగ్గుల రంగులూ ఇంతే, ఎంచుకునేవి కావు. నీలం 230 వోల్టులకు, ఎరుపు త్రీ ఫేజ్‌కి. పసుపుది 110 వోల్టులది, మనకు అక్కర్లేదు.

వైరు కొసన మనం వేసుకునే గుర్తులు రెండు పనులు చేయాలి: పొడవు చెప్పాలి, ఏ లైనుదో చెప్పాలి. పొడవుకు ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ వాడొద్దు, అవి ఫేజ్‌కీ ఎర్త్‌కీ ఇచ్చేసిన రంగులు. తెల్ల రింగులు లెక్కపెట్టుకునేలా వేస్తే చాలు: ఒకటి 5 మీటర్లు, రెండు 10, మూడు 20, నాలుగు 30. లైటు రంగు ఏదైనా రింగుల లెక్క మారదు, చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది. రింగులు ఇన్సులేషన్ టేపుతో వేస్తే మన ఉక్కపోతకు జిగురు కారి జారిపోతాయి. టాప్ బిగించకముందే హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకునే గొట్టం) ఎక్కించి వేడి చూపిస్తే కదలవు. సౌండు వైర్లకు రెండు కొసలా ఊదా రింగు వేసి, పక్కన పెయింట్ మార్కర్‌తో ‘సౌండ్’ అని రాయాలి. లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్లున్న లైను మీద మిక్సర్ పెడితే స్పీకర్లలో గుర్రుమని మోత మొదలవుతుంది. మిక్సర్‌కూ స్టేజి మీది సౌండుకూ ఒకే బోర్డు, ఒకే ఎర్త్ ఉండాలి. ఊదా రింగున్నది లైట్ల బోర్డులో కనబడితే ఎవరైనా పీకి సరిచేయగలరు.

40 అడుగులు, 24 అడుగుల స్టేజికి ఒక లెక్క. 150 వాట్ల పార్‌లు 24 అంటే 3600 వాట్లు, 16 ఆంప్స్‌కి దగ్గర. ఒకే లైనులో పెట్టకుండా పన్నెండేసి చొప్పున రెండు లైన్లు. 350 వాట్లు లాగే బీమ్ లైట్లు నాలుగుంటే మూడో లైను. సౌండుకు విడిగా. నల్ల 2.5 కేబుల్ 100 మీటర్ల చుట్టలు రెండు కొని 5 మీటర్లవి 10, 10 మీటర్లవి 7, 20 మీటర్లవి 4 కోస్తే ముక్క మిగలదు. పసుపుది ఒక చుట్ట: 30 మీటర్లవి మూడు, మిగిలిన 10 మీటర్లు ఒకటి. మొత్తం 25 వైర్లు, కాబట్టి 25 టాప్‌లు, 25 బోర్డులు.

బీచ్ నుంచి వచ్చిన వైర్లను అదే రాత్రి చుట్టి పెట్టెలో పడేయకండి. ముందు కరెంటు లేకుండా విడదీసి, మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తొడుగు తుడవాలి, ఆ తర్వాత పొడి గుడ్డతో. పిన్నులకు నీళ్లు తగలనివ్వకూడదు, కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి. ఇత్తడి పిన్ను మీద పచ్చటి చిలుము కనబడితే సన్న ఎమరీతో గీకొచ్చు. సాకెట్ లోపలే చిలుము పట్టి ఉంటే గీకే పని పెట్టుకోకుండా ఆ బోర్డు మార్చేయాలి, లేదంటే వదులుగా పట్టిన పిన్ను దగ్గరే వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది.