న్యుమోనియా తగ్గింది, కాళ్లు నిలవలేదు

ఆస్పత్రి, సెలైన్లు, ఎక్స్‌రేలు అందరూ పడేవే. జ్వరం తగ్గింది, ఇంటికి పంపారు. అసలు కష్టం ఆ తర్వాతే.

ఒక అర్ధరాత్రి బాత్‌రూమ్‌లో కమోడ్ మీద నుంచి లేవబోతే తొడలు మాట వినలేదు. బకెట్ మీద చెయ్యి ఆనిస్తే అది కాస్తా బోర్లా పడి కాళ్ల కింద నీళ్లు. జారితే తుంటి విరుగుతుంది, మా పెద్దక్క అలాగే మంచం పట్టింది. భయంతో గొంతు పెగల్లేదు. చప్పుడు విని కోడలే పరుగెత్తుకొచ్చి, "అత్తయ్యా, నా మెడ పట్టుకోండి" అంటూ లేపింది. సిగ్గుతో ఏడ్చేశాను.

మర్నాడు డాక్టరుగారు తల కూడా ఎత్తకుండా, "68 ఏళ్లకు ఇంకెలా ఉంటారమ్మా?" అన్నారు. ఆ వేసవిలోనే మాగాయ ముక్కల పళ్లేలు డాబా మీదికి మోసిన మనిషిని నేను! ఇంతలోనే అంత వయసు మీద పడిందా?

ఫిజియోథెరపీ అమ్మాయి ఓపికగా చూసింది. చేతి పిడికిలి బలం 13 కిలోలు వచ్చింది. ఆసియా ఆడవాళ్లకు 18 కన్నా తగ్గితే అనుమానించాలట. జబ్బు పేరు సార్కోపీనియా, అంటే కండ కరిగి బలం తగ్గిపోవడం. వయసుతో ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు, మంట) ఎప్పుడూ సన్నగా రగులుతూనే ఉంటుందట. ఇన్‌ఫెక్షన్ వస్తే ఆ మంటను రాజేసే ఐఎల్-6 వంటి రసాయనాలు రక్తంలో ఒక్కసారిగా పెరుగుతాయి, కాలేయం సీఆర్‌పీ వంటి ప్రొటీన్ల తయారీకి కావలసిన సరుకును కండరాల నుంచి లాగుతుంది. మంచం పట్టడం దానికి తోడు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లనే 10 రోజులు పడుకోబెట్టి చూస్తే కాళ్లలో సుమారు కిలో కండ పోయిందట.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆడపడుచు పత్యం పెట్టించింది. గుడ్డు వద్దు, పప్పు వద్దు, చారన్నం చాలు అంది. ప్రేమతోనే అంది, కాదనను. అయినా ఆ చారు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒళ్లు ప్రొటీన్ కోసం అల్లాడుతుంటే నోటికి అందకుండా చేశాం.

ఇప్పుడు రోజూ గుడ్లు, ముద్దపప్పు, పెరుగు. జబ్బుపడి లేచిన పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.2 గ్రాముల ప్రొటీన్ అయినా కావాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం అడిగి తినండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం మొదట నరకం, ఇప్పుడు అలవాటు.

వెంకన్నకు శ్రీవారి మెట్టు దారిలో నడిచి వస్తానని మొక్కుకున్నాను. 2,388 మెట్లు! ముందు అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కండి అంటోంది ఫిజియో అమ్మాయి. ఆ డాక్టరుగారి గడప మాత్రం ఇక తొక్కను.