నన్నారి పూత

ఆదివారం. తొమ్మిదింటికే ఎండ చుర్రుమంటోంది. సెలవులకొచ్చిన పిల్లల్ని తలకోన తీసుకెళ్దామని మా ఆడపడుచు పట్టుబట్టింది. తను కాలేజీలో బాటనీ చెప్తుంది. ఆమెతో అడవికి వెళ్తే చెప్పిన టైముకి ఇల్లు చేరడం ఉండదని తెలిసే బయల్దేరాను. మే నెల కదా, జలపాతంలో ధార సన్నగా ఉంది. పిల్లలు ఆ కాసిని నీళ్ళకే గంతులేశారు.

తిరిగొస్తుంటే ఓ బండ దగ్గర ఆగిపోయింది. "వదినా, రోజూ తాగుతావే నన్నారి షర్బతు, దాని తీగ ఇదిగో, ఇదే" అంది.

రెండు రాళ్ళ సందులోంచి వచ్చిన తీగ అది. మొదలు కర్రలా గట్టిపడింది, కొసలు పక్కనున్న పొద మీదికి పాకాయి. దళసరి ఆకులు, కాస్త గుండ్రంగా ఉన్నాయి. ఆకు కొస చిదిపి చూపిస్తే తెల్లటి పాలు కారాయి. జిల్లేడుకి చుట్టమట. కాయలు కూడా అలాగే జంటగా కాసి, ఎండి పగిలాక గింజలు పట్టులాంటి దూదితో గాలికెగిరిపోతాయట. ఆకుల మధ్య గుత్తుల్లో పూలు: తెలుపులో కొద్దిగా పసుపు కలిసినట్టు, చాలా చిన్నవి. తను చూపించకపోతే నేను చూసుండేదాన్నే కాదు. తిరుపతిలో ఇన్నేళ్ళుగా ఉంటున్నాను, ఎండాకాలం నన్నారి తాగని రోజు తక్కువ. దాని పువ్వు చూడటం మాత్రం ఇదే మొదలు.

ఈ మొక్కకి శాస్త్రీయ నామం డెకాలెపిస్ హామిల్టోనై. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. మన వైపు శేషాచలం, నల్లమల లాంటి ఎండు కొండలే దీని ఇల్లు. మట్టి పెద్దగా లేని రాతి పగుళ్ళలో వేరు దించి, లోపల గడ్డల్లా ఊరి, ఎండలు మండేటప్పుడు ఆ గడ్డలతోనే బతుకుతుంది. మనకు కావలసిందీ ఆ గడ్డలే, వాటినే కొమ్ములంటాం. చింతచిగురు కోస్తే చెట్టు మళ్ళీ చిగురేస్తుంది. దీన్ని గునపంతో రాయి పెకలించి తవ్వితే మొక్కే లేచొస్తుంది. విత్తనాలా, సరిగా మొలవవు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో దీన్ని అంతరించే ప్రమాదమున్న వాటిలో పెట్టారు. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో టిష్యూ కల్చర్‌తో, అంటే ల్యాబ్‌లో చిన్న ముక్క నుంచే, మొక్కలు పెంచారని చెప్పింది మా ఆడపడుచు. "మరి రైతులు ఎందుకు వెయ్యరు?" అన్నాను. "అడవిలో ఉచితంగా దొరుకుతుంటే గడ్డ ఊరేదాకా ఏళ్ళ తరబడి ఎవరు కాచుకుంటారు వదినా?" అంది.

తవ్వేవాళ్ళని తిట్టడానికి నాకు మనసొప్పదు. చెంచులూ యానాదులూ తరతరాలుగా తవ్వుకుంటూనే ఉన్నారు. కొంత గడ్డ భూమిలో వదిలేస్తే తీగ మళ్ళీ లేస్తుంది. బస్తాల లెక్కన కావాలనే బేరగాడు వచ్చాక ఆ కొంత ఎవరు వదులుతారు?

ఊళ్ళోకి వచ్చాక బండి దగ్గర తలా ఓ గ్లాసు తాగాం. సిరప్పు, నిమ్మరసం, నానిన సబ్జా గింజలు. "కొమ్ములతో చేసిందేనా అన్నా?" అని అడిగితే అతను నవ్వాడు. "ఎక్కడమ్మా, ఎసెన్స్ సీసాలే." ఇదివరకైతే మోసమని గొణిగేదాన్ని. ఈ రోజు మాత్రం ఆ ఎసెన్స్ మీద కాస్త గౌరవం కలిగింది. వేరులో ఉన్న వాసన పదార్థం, వెనిల్లాకి వాసననిచ్చే వెనిలిన్‌కి దగ్గరి బంధువు. అవే పరమాణువులు, అమరిక వేరు. ఫ్యాక్టరీలో అలాంటి వాసన తయారవుతుంటే, శేషాచలంలో ఓ తీగ మిగిలినట్టే కదా. రుచి మాత్రం అసలుదాని దరిదాపుల్లో లేదు, అది వేరే సంగతి. గ్లాసు ఖాళీ చేశాక గొంతులో తీపి తప్ప ఏమీ మిగల్లేదు.

ఇంటికొచ్చి వంటింటి అటక మీది డబ్బా దించాను. నిరుడు కొన్న కొమ్ములు అర కిలో దాకా ఉన్నాయి. మూత తీయగానే ఇల్లంతా వాసన. ఒక్క పురుగు లేదు. ఈ వేరుకి పురుగుల్ని తరిమే గుణం ఉందిట, ధాన్యం నిలవకి పొడి కలిపి చూసిన పరిశోధనలూ ఉన్నాయిట. మధ్యలో కట్టెలాంటి పుల్ల, చుట్టూ కండగల బెరడు. రోట్లో పైపైన దంచితే పుల్ల ఊడి వస్తుంది, బెరడే పనికొచ్చేది.

అత్తయ్య సిరప్పు చెయ్యమంది. మా ఆడపడుచు పెరుగులో ఊరగాయ పెట్టమంది, కుప్పంలో తన స్నేహితురాలింట్లో తిన్నదట. అడవి గురించి అంతసేపు చెప్పి ఊరగాయ అడుగుతావేం అన్నాను. "తవ్వేసినవేగా, పారేస్తావా?" అంది. వచ్చే ఏడాది కొనకూడదని ఇద్దరం అనుకున్నాం. అత్తయ్య ఆ మాట విని, "పోయినేడూ ఇదే అన్నావు" అంది. సగం సిరప్పుకి, సగం ఊరగాయకి విడదీసి నానేశాను.