ముగ్గురాళ్ల ఊరి నుంచి నాసా దరఖాస్తు దాకా: నా అనుభవం

2020 మార్చిలో నాసా వ్యోమగాముల ఉద్యోగాలకు దరఖాస్తులు పిలిచేనాటికి నాకు అమెరికా పౌరసత్వం వచ్చి ఏడాదిన్నర అయింది. ముందు ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మనవాళ్ల పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది గ్రీన్‌కార్డ్ ఉంటే సరిపోతుందా అని. సరిపోదు. పౌరసత్వం ఉండాలి, సైన్సులోనో ఇంజినీరింగులోనో మాస్టర్స్ ఉండాలి, ఆ తర్వాత మూడేళ్ల అనుభవం (2020లో రెండేళ్లే అడిగారు, 2024లో మూడేళ్లు చేశారు) లేదా జెట్ విమానాలు నడిపిన వెయ్యి గంటలు ఉండాలి. కళ్లజోడు ఉన్నా ఫర్వాలేదు, అద్దాలతో చూపు 20/20 (అంటే మామూలు చూపు) వస్తే చాలు. విమానం నడపడం రానివాళ్లు అప్లై చేయకూడదని నేను చాలా ఏళ్లు అనుకుంటూ వచ్చాను, అది ఉత్త అపోహ.

మా నాయన అప్పటి కడప జిల్లా మంగంపేట గనుల్లో లారీ డ్రైవరు. అక్కడ బెరైటీస్‌ని ముగ్గురాయి అంటారు. చిన్నప్పుడు ఆ రాయి చేతిలోకి తీసుకుంటే చూడ్డానికి ఇంతే ఉండి అంత బరువు ఎందుకుందో అర్థమయ్యేది కాదు, ఆ ప్రశ్నే నన్ను జియాలజీలోకి తెచ్చింది. ఇప్పుడు అరిజోనాలో భూగర్భజలాల పని చేస్తాను.

ఇక్కడికి వచ్చాకే హారిసన్ ష్మిట్ గురించి వివరంగా తెలుసుకున్నాను. చంద్రుడి మీద నడిచిన 12 మందిలో వృత్తిరీత్యా శాస్త్రవేత్త ఆయన ఒక్కరే. పుట్టింది న్యూమెక్సికోలో శాంటా రీటా అనే రాగి గనుల ఊళ్లో, ఆ ఊరు ఇప్పుడు లేదు, గని తవ్వుకుంటూ వచ్చి ఊరినే మింగేసింది. తండ్రి గనుల జియాలజిస్టు. ష్మిట్ 1964లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పూర్తి చేసి, మా అరిజోనాలోనే ఫ్లాగ్‌స్టాఫ్‌లో చంద్రుడి పటాల పనిలో చేరారు. 1965 జూన్‌లో నాసా మొదటిసారి శాస్త్రవేత్తల్ని తీసుకుంది, వెయ్యి మందికి పైగా అప్లై చేస్తే తీసుకున్నది ఆరుగురిని, అందులో ఆయన ఒకరు. విమానం నడపడం రాదు కాబట్టి ముందు దాదాపు ఏడాది పాటు అది నేర్పించారు, అదీ అరిజోనాలోనే. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయన మిగతా వ్యోమగాములకు రాళ్లు చూడ్డం నేర్పుతూ తన వంతు కోసం ఎదురుచూశారు. ఆయనకు వస్తుందనుకున్న అపోలో 18 చంద్రయాత్ర రద్దయింది. శాస్త్రవేత్తల్లో ఒక్కరినైనా పంపాలని ఒత్తిడి వచ్చాక, జో ఎంగిల్ అనే పైలట్‌ను తప్పించి అపోలో 17లో ఈయనకు చోటిచ్చారు. ఎంగిల్‌ను తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

దరఖాస్తులో నేను ఇరుక్కుపోయింది రెజ్యూమె దగ్గర. మొదటి డ్రాఫ్టు నిండా పరిశోధన పత్రాలు, కాన్ఫరెన్సులు. అది చదువుకుంటుంటే నన్ను ఎవరూ ఎక్కడికీ పంపరని నాకే అనిపించింది. ఒక ఆదివారం ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర సిండర్ లేక్ అనే చోటికి వెళ్లాను. అక్కడి నల్లటి అగ్నిపర్వత బూడిద నేలలో 1967లో పేలుడు పదార్థాలతో గుంతలు తవ్వి, చంద్రుడి నేలలా తయారుచేసి వ్యోమగాములకు శిక్షణ ఇచ్చారు. అంచులు కరిగిపోయినా ఆ గుంతలు ఇంకా ఆనవాలు పట్టేట్టే ఉన్నాయి. ఒకదాని అంచున కూర్చుని చంద్రుడి మీద ఉన్న షార్టీ అనే క్రేటర్ (పెద్ద గుంత) గురించి ఆలోచించాను. 1972 డిసెంబరులో ష్మిట్ ఆ క్రేటర్ దగ్గర బూడిదరంగు నేల మీద తన బూటు కదిపిన చోట నారింజ రంగు చూశారు. అక్కడ ఉండే టైం చాలా తక్కువ, చేతికి మొద్దు గ్లౌజులు, అయినా ఆయన, తోటి వ్యోమగామి యూజీన్ సెర్నన్ కలిసి అక్కడే కందకం తవ్వి, పొరలు చూసి, గొట్టం దిగ్గొట్టి నమూనా తెచ్చారు. అవి 350 కోట్ల ఏళ్లకు ముందెప్పుడో అగ్నిపర్వతం నిప్పుల ఫౌంటెన్‌లా చిమ్మిన గాజు పూసలు, చాలా ఏళ్ల తర్వాత వాటిలో నీటి జాడ కూడా దొరికింది. ఏది మామూలుగా లేదో పట్టుకోవడం, టైం అయిపోతుంటే ఏ పని ముందో తేల్చుకోవడం, ఈ రెండూ ఫీల్డులో నేర్చుకున్నవే.

ఇంటికొచ్చి రెజ్యూమె మొత్తం తిరగరాశాను. పత్రాలు నాలుగు లైన్లకు కుదించి, ఎడారిలో బోరు రిగ్గుల దగ్గర గడిపిన వారాలు రాశాను, రాత్రిళ్లు టార్చిలైటు వెలుగులో రాతి కోర్లు (బోరులోంచి తీసిన రాతి కడ్డీలు) చూసి నమోదు చేసింది రాశాను. ఒకసారి జీపు ఇసుకలో కూరుకుపోయి, ఫోను సిగ్నల్ లేక, మాలో ఒకతనికి వడదెబ్బ తగిలితే ఉన్న నీళ్లు లెక్క కట్టి నలుగురం బయటపడిన రోజుంది, ఇదేం అర్హత అని అప్పటిదాకా దాన్ని ఎక్కడా రాయలేదు, ఇందులో రాశాను. అప్లై చేయాలనుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే, మీ చేతులతో మీరు చేసింది రాయండి.

ఆ ఏడాది కొత్తగా ఆన్‌లైన్ పరీక్ష కూడా పెట్టారు, రెండు గంటల దాకా పడుతుంది. నాకు టెన్షన్‌తో చెమటలు పట్టాయి, ఇంట్లో వాళ్లందరినీ పార్కుకు పంపించి రాశాను. కొన్ని నెలలకు మిమ్మల్ని తీసుకోలేదని మెయిల్ వచ్చింది. 12,000 మందికి పైగా అప్లై చేస్తే 2021 డిసెంబరులో పది మంది పేర్లు ప్రకటించారు. లెక్క ముందే తెలిసినా రెండు రోజులు అన్నం సహించలేదు.

2024లో మళ్లీ అప్లై చేశాను. ఈసారి 8,000 మందికి పైగా, మళ్లీ పది మందే. 2025 సెప్టెంబరులో పేర్లు వచ్చినప్పుడు ఆఫీసులో తలుపు వేసుకుని చూశాను. అందులో లారెన్ ఎడ్గర్ ఉంది, జియాలజిస్టు, అంగారకుడి మీద తిరుగుతున్న క్యూరియాసిటీ రోవర్ పనిలో ఏళ్లపాటు ఉన్న మనిషి. ఆ పేరు చూడగానే ఏడుపొచ్చింది, ఏడుపు ఆగాక ఆమె పరిశోధన పత్రం తీసి చదవడం మొదలుపెట్టాను.

రాత్రి నాయనకు ఫోన్ చేశాను.

"రాలేదా మ్మా?"

"లేదు నాయనా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "ఆ పది మందిలో రాళ్లు చూసేవాళ్లు ఎవరన్నా ఉండారా?"

"ఉండారు నాయనా, ఒకామె."

"మంచిదేలే. మళ్లీ ఎప్పుడు పిలుస్తారంట?"