కౌంట్ పడిపోయిన వారాలు

నాకొచ్చింది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టేది పొత్తికడుపుకు, తగ్గిపోయేది రక్తంలో తెల్లకణాలు. ఈ రెండింటికీ సంబంధమేంటో మొదట్లో నాకు అర్థం కాలేదు. మా డాక్టరమ్మ స్కాన్ ఫిల్మ్ మీద వేలు పెట్టి చూపించారు. పెద్దవాళ్లలో రక్తం తయారుచేసే మూలుగ దాదాపు సగం తుంటి ఎముకల్లో, నడుము పూసల్లో ఉంటుందట. గర్భాశయ ముఖద్వారానికి రేడియేషన్ ఇస్తే ఆ కిరణాలు ఆ ఎముకలకూ తగలక తప్పదు. దానికి తోడు వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో. అది గడ్డ కణాలతో పాటు మూలుగలో పుట్టే కొత్త కణాలనూ దెబ్బతీస్తుంది.

"జబ్బు ఒకచోటే ఉందమ్మా, కాపలా మాత్రం ఒళ్లంతా తగ్గుతుంది. జ్వరం వస్తే అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి రావాల్సిందే" అన్నారామె. ఈ వ్యాధికి చికిత్స మొదలుపెట్టే ప్రతి ఆడమనిషికీ, ఆమె ఇంట్లోవాళ్లకీ ఆ మాట చేరాలన్నదే నా కోరిక.

మాది పొదలకూరు దగ్గర పల్లె, నిమ్మతోట మీద బతికే ఇల్లు. ముట్లు ఆగిపోయిన కొన్నేళ్లకు మళ్లీ రక్తం కనిపించింది. పరీక్షలు చేసి 2బి దశ, అంటే గడ్డ ముఖద్వారం దాటి పక్కకు పాకింది అన్నారు. ఆ దశలో సాధారణంగా ఆపరేషన్ చేయరు. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు బయటినుంచి రేడియేషన్, మధ్యమధ్యలో కీమో, చివర్లో లోపలినుంచి ఇచ్చే బ్రాకీథెరపీ. ఖర్చు ఎన్టీఆర్ వైద్యసేవ కింద పోయింది. రోజూ బస్సులో జనం మధ్య తిరగొద్దన్నారు కాబట్టి నెల్లూరు వేదాయపాళెంలో మా అక్క ఇంట్లో ఉన్నాను.

ప్రతి కీమోకు ముందు రక్తపరీక్ష చేస్తారు. ఆ కాగితంలో ఏం చూడాలో నర్సమ్మ నేర్పించింది. మొత్తం తెల్లకణాల సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు, అందులో న్యూట్రోఫిల్స్ ఎన్నో చూడాలి. బ్యాక్టీరియా మీదికి ముందు పోయేవి అవే. అవి 1500 పైన ఉంటే నిశ్చింత, 1000 లోపుకు వస్తే కీమో ఆపడం మామూలు, 500 లోపు అంటే ప్రమాదం. న్యూట్రోఫిల్ రక్తంలో ఒక రోజు కూడా సరిగా ఉండదు. ఎర్రకణమైతే 120 రోజులు ఉంటుంది. అందుకే మూలుగ నెమ్మదించగానే తెల్లకణాల లెక్క ముందు పడిపోతుంది, నీరసం, రక్తహీనత తర్వాత తెలుస్తాయి.

మూడో వారానికల్లా నా కౌంట్, అంటే ఆ తెల్లకణాల లెక్క, దిగడం మొదలైంది. విరేచనాలు కూడా. అక్క వంటంతా మార్చేసింది. పచ్చి కొబ్బరి చట్నీ లేదు, కోసి అమ్మే పండ్లు లేవు, నీళ్లు కాచి చల్లార్చాల్సిందే. చేపల పులుసు మాత్రం మానలేదు. కానీ మా నెల్లూరు వాళ్లకు మర్నాటి పులుసంటేనే ప్రాణం కదా, అది కుదరదంది. పొయ్యి మీది నుంచి దించినదే పెట్టేది.

పరామర్శకు వచ్చేవాళ్లతోనే పెద్ద చిక్కు. మన దగ్గర చూడటానికి రాకపోతే తప్పు, వచ్చి మంచం పక్కన కూర్చోకపోతే ఇంకా తప్పు. దగ్గుతో వచ్చిన బంధువులను గుమ్మం దగ్గరే ఆపి, "ఏమనుకోవద్దు వదినా, దానికి కౌంట్ లేదు" అని చెప్పే పని మా ఆయన తీసుకున్నాడు. కొందరు నొచ్చుకున్నారు. నా దగ్గరికొస్తే పిల్లలకు రేడియేషన్ అంటుకుంటుందని భయపడి రానివాళ్లు ఇంకొందరు. అది నిజం కాదు. బయటినుంచి ఇచ్చే రేడియేషన్ మిషన్ ఆపగానే అయిపోతుంది, ఒంట్లో ఏమీ మిగలదు. నావల్ల పిల్లలకు వచ్చే ముప్పు లేదు, జలుబు చేసిన పిల్లల వల్ల నాకే ముప్పు.

జ్వరం వచ్చిన రాత్రి సంగతి వివరంగా చెప్పాలి. పగలు తోట నుంచి వచ్చిన నిమ్మకాయల సంచిలో ఒక చిన్న కొమ్మ ఉండి, దాని ముల్లు నా చూపుడు వేలికి గుచ్చుకుంది. సబ్బుతో కడిగాను. మామూలుగా అయితే రెండో రోజుకు ఎర్రబడి, చిన్న చీము గడ్డ కట్టి, తగ్గిపోయేది. ఈసారి వేలు కొద్దిగా బరువెక్కినట్టు ఉంది, అంతే. ఎరుపు లేదు, చీము లేదు. మర్నాడు రాత్రి పదిన్నరకు వణుకు వచ్చింది. థర్మామీటర్ పెడితే 101.

అక్క డోలో తీసింది. "వేసుకుని పడుకో, పొద్దున్నే పోదాం" అంది, ప్రేమతోనే. నేను వద్దన్నాను. 100.4 దాటితే ఎవరికీ ఫోన్ చేసి సలహా అడగకుండా బయలుదేరమని డాక్టరమ్మ చెప్పిన మాట చెవిలో ఉంది. డోలో వేస్తే జ్వరం దిగుతుంది, ఇన్ఫెక్షన్ దిగదు. మా ఆయన ఆటో మాట్లాడాడు.

క్యాజువాలిటీలో "కీమో నడుస్తోంది, జ్వరం" అనగానే కూర్చోబెట్టలేదు. రెండు చేతుల నుంచీ రక్తం కల్చర్‌కు, అంటే క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకు తీసి, రిపోర్టు కోసం ఎదురుచూడకుండా నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించారు. న్యూట్రోఫిల్స్ 500 లోపే ఉన్నాయి. పొద్దున డాక్టరమ్మ నా వేలు వెలుగులో పెట్టి, ముల్లు దిగినచోట నొక్కి చూశారు. చుక్క కూడా రాలేదు. "చీమంటే ఏమనుకున్నావమ్మా? పోరాడి చచ్చిన తెల్లకణాలే. అవే లేకపోతే చీమెక్కడిది? జ్వరమొక్కటే నీకు ఆనవాలు" అన్నారు.

కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదు. ఇలాంటి జ్వరాల్లో చాలావాటికి అంతేనట. జ్వరం ముల్లు వల్లే వచ్చిందో, రేడియేషన్‌కు పేగు లోపలి పొర పలచబడి అక్కడి బ్యాక్టీరియా రక్తంలోకి వచ్చిందో తేలలేదు. ఆ వారం కీమో ఆపారు. రేడియేషన్‌ను మాత్రం ఎక్కువ రోజులు ఆపనివ్వలేదు. బ్రాకీథెరపీతో కలిపి మొత్తం ఎనిమిది వారాల్లో ముగిస్తేనే ఫలితం బాగుంటుందని, ఆలస్యమైతే గడ్డ మళ్లీ బలపడుతుందని చెప్పారు. అనుకున్న గడువులోపే అయిపోయింది. బ్రాకీథెరపీ కష్టంగానే ఉండింది కానీ దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

చికిత్స అయిపోతే కాపలా వెంటనే తిరిగొస్తుందని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. న్యూట్రోఫిల్స్ కొన్ని వారాల్లో కోలుకున్నాయి. లింఫోసైట్లు అనే ఇంకో రకం తెల్లకణాలు అలా కాదు. రేడియేషన్‌కు అన్నిటికన్నా ముందు నలిగేవి అవి, చాలా నెమ్మదిగా కోలుకునేవీ అవే. నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు. ఒంట్లో ఎప్పటినుంచో నిద్రపోతున్న వైరస్‌లను అణిచి ఉంచేది అవే. నాకు కొన్ని నెలల తర్వాత నడుముకు ఒకవైపు మంటపుట్టి నీటి పొక్కులు వచ్చాయి. చూడగానే మా అత్త "అక్కి" అంది, కుమ్మరి దగ్గర రాయించుకు రమ్మంది. ఆమె మాట తీసెయ్యలేదు, కానీ అదే రోజు డాక్టరు దగ్గరికి పోయాను. పొక్కులు వచ్చిన మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరసే ఇన్నేళ్లకు లేచిందట.

ఇంకో సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాను. ఈ క్యాన్సర్‌కు మూలమైన హెచ్‌పీవీ అనే వైరస్ చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో ఒళ్లే దాన్ని వదిలించుకుంటుంది. కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోయి క్యాన్సర్‌గా మారుతుంది. ఆడమనిషి నడవడిక గురించి గుసగుసలాడేవాళ్లకు నేనిప్పుడు ఈ మాటే గట్టిగా చెబుతున్నాను. మా మనవరాలికి తొమ్మిది నిండాయి. మన దేశంలోనే సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన హెచ్‌పీవీ టీకా సెర్వావ్యాక్ 2023 నుంచి దొరుకుతోంది. మొదటి డోసు వేయించాం, ఆరు నెలలకు రెండోది. ఆ వయసులో రెండు చాలు.

నాకిప్పుడు మూడు నెలలకొకసారి చెకప్. పోయినసారి రిపోర్టులో లింఫోసైట్లు 1000 దాటాయి. ఫ్లూ టీకా ఏటా వేయించుకోమన్నారు, వేయించుకుంటున్నాను. తోటలోకి పోతే చేతులకు తొడుగులు వేసుకుంటున్నాను. ఈసారి పోయినప్పుడు న్యుమోనియా టీకా ఎప్పుడు వేస్తారో అడగాలి.