బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం

మా కందుకూరు వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే. మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా బాలింతను అత్తవారింటికి పంపరు. పథ్యం గురించీ సాంబ్రాణి ధూపం గురించీ అందరూ చెబుతారు గానీ, ఆ నెలలు మొగుడూ పెళ్లాం వేరుగా ఉండడం వల్ల తల్లి ఒంటికి దొరికే విశ్రాంతిని ఎవరూ పైకి అనరు. న్యూజెర్సీలో మా ఇళ్లకు అమ్మే సందర్శక వీసా మీద వస్తుంది. సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. అందుకే ఇక్కడ మరో మాట పుట్టింది: "మాకు ఓపిక ఉండగానే రెండోది కూడా కానిచ్చేయండమ్మా, ఇద్దరూ కలిసి పెరిగిపోతారు." ప్రేమతోనే అంటారు. అయినా నాకు మింగుడుపడదు.

ఒక కాన్పు తర్వాత మళ్లీ గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆరు నెలల లోపే నెల తప్పితే, నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ బరువు తగ్గడం వంటి ముప్పు పెరుగుతుంది. వయసు ముప్పై అయిదు దాటితే వైద్యులు ఈ ఎడాన్ని కొంత తగ్గించవచ్చు. అది తల్లీ డాక్టరూ కూర్చుని తేల్చుకోవలసిన సంగతి.

కిందటి వేసవిలో కావలి వెళ్లినప్పుడు మా పిన్ని కోడలు చంకలో పిల్లవాడికి పప్పన్నం మెతుకులు తినిపిస్తూ, మధ్యమధ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది. మళ్లీ మూడో నెల. హాల్లో అందరూ సంబరపడుతుంటే తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి నా చెవిలో అడిగింది: "అత్తయ్యకు ఇప్పుడే కావాలని ఉందా అమ్మా?" ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఇంకెవరికీ రాలేదు.

రాత్రి మేడ మీద నేనే అడిగాను. "అనుకోలేదు వదినా. పాలిస్తున్నాను కదా, రాదనుకున్నాను" అంది. అనుకోలేదన్నంత మాత్రాన బిడ్డ అక్కర్లేదని కాదు. ఆమెకు సంతోషమూ ఉంది, భయమూ ఉంది.

గర్భం రాకుండా చనుబాలు కాపాడేది మూడూ కలిసినప్పుడే: బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలే పట్టాలి, నెలసరి తిరిగి రాకూడదు. ఆ తర్వాత నెలసరి కనబడకముందే అండం విడుదల కావచ్చు. ఇది బాలింతకు ఎవరూ చెప్పరు, ఆ సంగతే నాకు కోపం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారే. ఇక చాలు అనడం మన ఆడవాళ్లకు అలవాటే. ఇప్పుడు కాదు, తర్వాత అనడానికీ దారులున్నాయి. కాన్పయిన 48 గంటల్లోపే కాపర్ టీ వేయించుకోవచ్చు. మూడు నెలలకోసారి వేసే 'అంతర' అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఉంది, 'ఛాయ' అనే మాత్రలున్నాయి. ప్రభుత్వాసుపత్రుల్లో ఇవన్నీ ఉచితం. ఆశా కార్యకర్తను అడిగినా వివరాలు చెబుతుంది.

మరదలు ఈసారి కాన్పుకు ముందే కాపర్ టీ గురించి డాక్టర్‌తో మాట్లాడింది. తమ్ముడూ వెంట వెళ్లాడు. మా ఇంట్లో ఈ కబుర్లు నడిచేటప్పుడు పన్నెండేళ్ల మా అబ్బాయిని నేను గదిలోంచి పంపించను.