శివరాత్రి నాడు చూసిన ఇబ్రహీం ఇన్నింగ్స్

2025 ఫిబ్రవరి 26న మహాశివరాత్రి. అనంతపురంలోని మా ఇంట్లో పెద్దలందరం ఉపవాసం ఉన్నాము. మధ్యాహ్నం రెండున్నరకు లాహోర్‌లోని గడాఫీ స్టేడియంలో ఆఫ్ఘనిస్తాన్, ఇంగ్లండ్ జట్ల మధ్య ఛాంపియన్స్ ట్రోఫీ మ్యాచ్ మొదలైంది. తొమ్మిది ఓవర్లు ముగిసేలోగానే జోఫ్రా ఆర్చర్ మూడు వికెట్లు తీశాడు. స్కోరు 37 పరుగులు. పక్కన కూర్చున్న మా అక్క కొడుకు, "అయిపోయింది మామా, వేరేది పెడదాం" అన్నాడు. ఇబ్రహీం జద్రాన్ ఇంకా క్రీజులో ఉన్నాడు గనుక నేను ఒప్పుకోలేదు.

మావాడు పదహారేళ్ల ఓపెనర్. నిదానంగా ఆడతాడన్న మాట వాడికి అలవాటైపోయింది; పెద్ద షాట్లు లేకపోతే ఎంపికలో ఎవరూ చూడరన్న బెంగ కూడా ఉంది. ఆఫ్ఘన్ క్రికెట్ అనగానే వాడికి, నిజానికి మనలో చాలామందికి, గుర్తొచ్చేవి రషీద్ ఖాన్ గూగ్లీలు, గుర్బాజ్ సిక్సర్లు. ఆ జట్టులో ఓపికను నమ్ముకుని పైకి వచ్చిన కుర్రవాడు ఒకడున్నాడని వాడికి చూపించాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

ఇబ్రహీం 2001 డిసెంబరులో, ఆఫ్ఘనిస్తాన్ తూర్పున పాకిస్తాన్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఖోస్త్ ప్రాంతంలో పుట్టాడు. జద్రాన్ అన్నది అక్కడి ఒక పష్తూన్ తెగ పేరు. అందువల్ల ఆ పేరున్న ఆటగాళ్లందరూ ఒకే ఇంటివారని అనుకోనక్కరలేదు; మన దగ్గర ఒకే ఇంటిపేరు ఎన్ని ఊళ్లలో వినబడదు? అయితే 2009లో ఆ దేశం తొలి వన్డే ఆడినప్పుడు ఓపెనర్‌గా దిగిన నూర్ అలీ జద్రాన్ మాత్రం ఇతనికి దూరపు బంధువు కాదు, స్వయానా కుటుంబంలోని ముందు తరం మనిషి.

2019 సెప్టెంబరులో ఛట్టోగ్రామ్‌లో బంగ్లాదేశ్‌పై మొదటి టెస్టు ఆడినప్పుడు ఇబ్రహీంకు పదిహేడేళ్లు. రెండో ఇన్నింగ్స్‌లో 87 పరుగులు చేశాడు. రషీద్ పదకొండు వికెట్లు తీయడంతో ఆ విజయం స్పిన్ ఖాతాలోకి వెళ్లింది. ఈ కుర్రవాడి మంచి ఇన్నింగ్స్‌లకు తరచూ ఇదే గతి పట్టింది. 2023 నవంబరు 7న వాంఖెడేలో ఆస్ట్రేలియాపై యాభై ఓవర్లూ నిలబడి, 143 బంతుల్లో 129 పరుగులు చేసి అజేయంగా తిరిగి వచ్చాడు. ప్రపంచకప్‌లో సెంచరీ చేసిన తొలి ఆఫ్ఘన్ ఆటగాడయ్యాడు. ఆస్ట్రేలియా 91 పరుగులకే ఏడు వికెట్లు కోల్పోయింది. ఆ తరువాత మాక్స్‌వెల్ ఒంటికాలిపై నిలబడినట్లుగా చేసిన 201 పరుగులు ఆ సాయంత్రాన్ని మొత్తంగా తనవైపు లాగేసుకున్నాయి. ఆ మరునాడు టీకొట్టు దగ్గర నేను కూడా మాక్స్‌వెల్ గురించే మాట్లాడాను.

అంతకు రెండు వారాల ముందు చెన్నైలో పాకిస్తాన్‌పై 283 పరుగుల లక్ష్యాన్ని రెండే వికెట్లు కోల్పోయి ఛేదించినప్పుడు, 87 పరుగులు చేసిన ఇబ్రహీంకు మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ దక్కింది. దానిని పాకిస్తాన్ నుంచి స్వదేశానికి పంపివేస్తున్న ఆఫ్ఘన్ ప్రజలకు అంకితం చేశాడు. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రవాడు మైదానంలో నిలబడి ఆ మాట అనడం నాకు ఆ 87 కన్నా ఎక్కువగా గుర్తుండిపోయింది.

అతని నిదానాన్ని తప్పుపట్టేవారు 2024 టీ20 ప్రపంచకప్‌ను చూపిస్తారు. కింగ్స్‌టౌన్‌లో ఆస్ట్రేలియాపై అతను 48 బంతుల్లో 51 పరుగులు చేశాడు. టీ20 లెక్కలో అది నత్తనడకే. కానీ బంతి ఆగి వస్తున్న ఆ పిచ్‌పై గుర్బాజ్‌తో కలిసి 118 పరుగులు జోడించాడు. జట్టు 148 చేసి 21 పరుగులతో గెలిచింది, సెమీఫైనల్ దారి పట్టింది. స్ట్రైక్ రేటును మాత్రమే చూసేవారికి పిచ్ కనబడదని నా అభిప్రాయం.

లాహోర్‌కు వచ్చేనాటికి అతను చీలమండ గాయంతో నెలల తరబడి ఆటకు దూరమై, అప్పుడే తిరిగి వచ్చాడు. ఆ మ్యాచ్‌ను ఇంగ్లండ్ ఆడకూడదని, తాలిబాన్ పాలనలో మహిళల ఆట ఆగిపోయినందుకు నిరసన తెలపాలని అక్కడి పార్లమెంటు సభ్యులు కోరి ఉన్నారు. ఆ వాదనలో న్యాయం ఉంది; బ్యాటు పట్టుకున్న కుర్రవాడిపై దానిని మోపలేము.

కెప్టెన్ హష్మతుల్లాతో కలిసి మొదట అతను చేసింది వికెట్ కాపాడుకోవడమే. సెంచరీకి 106 బంతులు పట్టింది. మిగిలిన 77 పరుగులు 40 బంతుల్లో వచ్చాయి. చివరి ఓవర్‌లో ఔటయ్యేసరికి 177; నాలుగు రోజుల ముందు అదే మైదానంలో ఇంగ్లండ్ ఓపెనర్ డకెట్ చేసిన 165ను దాటి, ఛాంపియన్స్ ట్రోఫీలో అత్యధిక వ్యక్తిగత స్కోరు. జో రూట్ సెంచరీ చేసినా, ఒమర్‌జాయ్ ఐదు వికెట్లు తీసి ఇంగ్లండ్‌ను ఎనిమిది పరుగుల దూరంలో ఆపాడు.

మ్యాచ్ అయ్యేసరికి రాత్రి పది దాటింది, జాగారానికి ఇంకా చాలా సమయం ఉంది. మావాడు ఫోనులో హైలైట్స్ తీశాడు. వాటిలో సిక్సర్లే ఉన్నాయని, మొదటి ఇరవై ఓవర్లలో వదిలేసిన బంతులు ఒక్కటీ లేవని విసుక్కున్నాడు.