ముప్ఫయ్యో వీధిలో పోర్గీ

బుధవారం, రాత్రి పదకొండు.

పొద్దున్నుంచీ మీటింగుల మీద మీటింగులు. పన్నెండున్నరకి ఇక నా వల్ల కాదని లాప్‌టాప్ మూసేసి న్యూయార్క్ లెక్సింగ్టన్ అవెన్యూ మీద పడ్డాను. ఇరవై ఎనిమిదో వీధి దగ్గర మన సరుకుల కొట్లున్నాయి. అత్తయ్యగారు రాసిచ్చిన చీటీలో ఇంగువ, మినపగుళ్ళు, ఎండు మిరపకాయలు. మిరపకాయలు గుంటూరువైతేనే తెమ్మన్నారు. దొరికినవి ఎక్కడివో కొట్టువాడికే తెలీదు. అయినా తెచ్చాను, చెప్పలేదు.

సంచీ పట్టుకుని ఊరికే ముప్ఫయ్యో వీధి దాకా నడిచి, థర్డ్ అవెన్యూ దాటి 207 నంబరు దగ్గర ఆగాను. చూడటానికి ఏమీ లేదు, అపార్టుమెంట్లు. ఒకప్పుడు అక్కడ ఎత్తైన కప్పుతో చర్చి ఉండేది. దాన్నే కొలంబియా రికార్డ్స్ వాళ్ళు స్టూడియోగా మార్చుకున్నారు. 1981లో మూసేశారు, ఆ తర్వాత పడగొట్టేశారు. కుక్కతో బయటికొచ్చిన ఒకావిడ "ఎవరి కోసం?" అని అడిగింది. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ కోసం అంటే బాగుండదని నవ్వి ఊరుకున్నాను.

1958 జూలై, ఆగస్టుల్లో మైల్స్ డేవిస్, బృందానికి సంగీతం కూర్చిన గిల్ ఎవాన్స్ కలిసి 'పోర్గీ అండ్ బెస్' ఆల్బమ్ రికార్డు చేసింది అక్కడే. తిరుగు ప్రయాణంలో రైలు ఆలస్యమైంది కాబట్టి మొత్తం మళ్ళీ విన్నాను. దీనికి మూలం జార్జ్ గెర్ష్విన్ 1935లో రాసిన ఆపెరా, అంటే పాటలతో నడిచే నాటకం. కథ అమెరికా దక్షిణాన చార్ల్‌స్టన్‌లో, క్యాట్‌ఫిష్ రో అనే పేద నల్లవాళ్ళ వాడలో జరుగుతుంది. కాళ్ళు చచ్చుబడ్డ బిచ్చగాడు పోర్గీ, మేక లాగే బండి మీద తిరుగుతాడు. బెస్‌ని ప్రేమిస్తాడు. 1934 వేసవిలో గెర్ష్విన్ ఆ దగ్గరే ఉన్న ఫాలీ ద్వీపంలో మకాం పెట్టి, చర్చిల్లో నల్లవాళ్ళు పాడుకునే పాటలు విని మరీ రాశాడు. ఇంత శ్రద్ధ పెట్టినా పేచీ తప్పలేదు. మూల నవల రాసిన డుబోస్ హేవర్డ్ తెల్లవాడు, పాటలు రాసింది అతనూ, గెర్ష్విన్ అన్న ఐరా. నల్లవాళ్ళ నోట్లో పెట్టిన ఆ యాస, ఆ బిచ్చగాళ్ళూ తాగుబోతుల బొమ్మ చాలామందికి మింగుడు పడలేదు. తర్వాత సినిమా తీసినప్పుడు పోర్గీ వేషం నల్లజాతి నటుడు హ్యారీ బెలఫాంటే వద్దన్నాడు. చివరికి సిడ్నీ పోయిటియర్ వేశాడు.

గిల్ ఎవాన్స్ చేసిన మొదటి పని, మాటలన్నీ తీసేయడం. గాయకుల్లేరు, అందరి తరఫునా ఒక్క ట్రంపెట్. ఆ యాసా పోయింది, ఆ పేచీ కూడా సగం పోయింది. పోర్గీ బాధా, బెస్ భయమూ మాత్రం మిగిలాయి. నాలాంటిదానికి ఇంకో లాభం కూడా ఉంది. ఆపెరా గొంతు నాకు పడదు. ఎంత గొప్ప సొప్రానో (హెచ్చు స్థాయి గాయని) పాడినా రెండో నిమిషానికి ధ్యాస గిన్నెల మీదకి పోతుంది.

'సమ్మర్‌టైమ్' ఆపెరాలో జోలపాట. క్లారా బిడ్డని ఎత్తుకుని నిదానంగా పాడుతుంది. ఇక్కడ కాస్త నడక పెంచారు. మైల్స్ ట్రంపెట్‌కి హార్మన్ మ్యూట్ (శబ్దాన్ని అణిచే బిరడా లాంటిది) బిగించి, చెవి దగ్గరగా మాట్లాడుతున్నట్టు వాయిస్తాడు. వెనక ఫ్రెంచ్ హార్న్‌లూ ఫ్లూట్‌లూ ఒకే చిన్న పలుకుని తిప్పి తిప్పి అంటూనే ఉంటాయి. మూడు నిమిషాల చిల్లర, అంతే. ఇంత పెద్ద బృందంలో పియానో లేదు. మూడు ఫ్రెంచ్ హార్న్‌లు, ఒక ట్యూబా, బేస్ క్లారినెట్... జాజ్ బ్యాండులో సాక్సోఫోన్లు గుంపుగా కూర్చునే చోట ఇవన్నీ ఉన్నాయి. అందుకే ఆ శబ్దానికి మెరుపు తక్కువ, బరువు ఎక్కువ. ఇంకో తమాషా, 1935 ప్రదర్శనలో నిడివి తగ్గించడానికి కోసేసిన 'బజర్డ్ సాంగ్'తోనే ఎవాన్స్ రికార్డు మొదలుపెట్టాడు. తీసి పక్కన పెట్టినదాన్ని తెచ్చి పీట వేసి ముందు కూర్చోబెట్టాడు!

అన్నీ అంత గొప్పగా ఏం లేవు. 'గాన్' అనే పాటలో ఇత్తడి వాద్యాలు అక్కడక్కడా కలిసి పడవు, రిహార్సల్ చాలలేదని తెలిసిపోతుంది. నాకైతే అదే ఇష్టం.

సాయంత్రం అమ్మాయిని వయొలిన్ క్లాసు నుంచి ఎక్కించుకున్నప్పుడు కార్లో 'ఐ లవ్స్ యూ, పోర్గీ' వస్తోంది. కొంచెంసేపు విని, "ఏ రాగం?" అంది. రాగం కాదే అన్నాను. కానీ అడిగినదాంట్లో తప్పేం లేదు. ఆ పాటకి గిల్ తనకి కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) రాయలేదనీ, వాయించుకోమని ఒక స్వరశ్రేణి మాత్రమే ఇచ్చాడనీ మైల్సే అప్పట్లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. అడుగడుక్కీ మారే కార్డ్స్ వెంట పరిగెత్తకుండా, ఇచ్చిన ఆ స్వరాల్లోనే తీరిగ్గా తిరగడం. ఆలాపన అనేస్తే అతి అవుతుంది. గమకాలు లేవు, వెనక బృందం కదులుతూనే ఉంటుంది. కానీ ఆ తీరిక మన చెవికి కొత్త కాదు. మరుసటి ఏడాది అదే స్టూడియోలో 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్ చేసినప్పుడు ఆ దారినే ఇంకా ముందుకి వెళ్ళాడు.

ఇదంతా దానికి చెబుదామనుకున్నాను. విన్లేదు, పాట మార్చేసింది. 'గాన్' వచ్చింది. ఫిల్లీ జో జోన్స్ డ్రమ్స్ మొదలవగానే డ్యాష్‌బోర్డు మీద వేళ్ళతో వాయించడం మొదలెట్టింది. వర్ణం రెండో కాలం ఇంకా రావట్లేదట, మాస్టారు శనివారం దాకా టైమిచ్చారట. ఇది మాత్రం రెండోసారి పెట్టించుకుంది.